పన్నెండు ఖాళీ కాగితాలు

కిందటి వారం మల్లేశ్‌ను మనం చేతిలో కలం పట్టుకొని బిక్కమొహం వేసిన మనిషిగా వదిలిపెట్టాం. వికారాబాద్‌లో అతని ఇంటి ముందరి గది. గురువారం పొద్దున తొమ్మిదిన్నర. గదిలో కుర్చీల నిండా, వరండా నిండా, గేటు దాకా అర్జీలు పట్టుకున్న జనం. టోకెన్ నంబరు ముప్పై ఏడు అని పీఏ శ్రీను కేకేస్తే లోపలికొచ్చిన ముసలామె అందరిలా పింఛను అడగలేదు, బోరు అడగలేదు. కొంగుముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన వకాల్తా కాగితం తీసి బల్ల మీద పరిచింది. "నీకు అడ్డం లేదని గీడ రాసి సంతకం జెయ్యి సార్" అంది.

కోర్టు గడప తొక్కని అదృష్టవంతుల కోసం ఒక్క మాట చెప్పాలి. వకీలును మార్చుకోవాలనుకున్న మనిషి కొత్త వకాల్తా మీద పాత వకీలుతో 'నాకు అభ్యంతరం లేదు' అని రాయించుకోవాలి. మర్యాదగా అడిగినా, మెత్తగా అడిగినా, ఇక నువ్వు మాకు వద్దని చెప్పడమే అది.

ఆ చెప్పింది ఎంకమ్మ. ఇరవై రెండేళ్లుగా అతన్ని 'కొడుకా' అని తప్ప పిలవని మనిషి. లోపలికొచ్చిన దగ్గర్నుంచి మూడుసార్లు సార్ అంది. మల్లేశ్ లెక్కపెట్టాడు.

అతను రాళ్లగూడ నియోజకవర్గానికి ఎమ్మెల్యే అయి రెండేళ్లు. అంతకుముందు ఇరవై ఏళ్లు తాండూరు కోర్టులో నల్లకోటు. గొర్ల మంద వెనక తిరిగిన ఇంట్లోంచి లా చదివొచ్చి, బజారు వెనక వీధిలో గది అద్దెకు తీసుకొని బోర్డు పెడితే, వారం దాకా ఒక్క పురుగు కూడా రాలేదు. ఎనిమిదో రోజు భుజాన గొంగడి వేసుకొని ఈరయ్య వచ్చాడు, వెనకాలే అతని భార్య ఎంకమ్మ. "మనోడొకడు వకీలయిండంట, చూసి పోదమని" అన్నాడు ఈరయ్య. కేసు లేదు, ఏమీ లేదు. ఊరికే చూసి, రొట్టె పెట్టి పోయారు. కేసు తర్వాత వచ్చింది.

బండమీదిపల్లి శివారులో, కరణ్‌కోట దాటాక, వాళ్లకు నాలుగెకరాల నల్లరేగడి ఉంది. పైన కంది పండుతుంది. కింద నాపబండ ఉంది. ఆ బండే వాళ్ల కొంప మీదికి తెచ్చింది. రాజేందర్ అనే క్వారీ యజమాని, ఆ పొలం ఈరయ్య అన్న తనకు ఎప్పుడో అమ్మాడని ఒక కాగితం పట్టుకొని జేసీబీలతో దిగాడు. మల్లేశ్ కోర్టులో కొట్లాడి స్టే తెచ్చాడు. ఆ స్టే ఉన్నన్నాళ్లూ జేసీబీ గట్టు దాటలేదు. కేసు నడుస్తుండగానే ఈరయ్య జబ్బుపడ్డాడు. ఆసుపత్రి మంచం మీద మల్లేశ్ చెయ్యి పట్టుకొని, "పొలం నీ చేతుల పెడ్తున్న కొడుకా" అని పోయాడు. అందుకే ఎన్నికల్లో దిగేముందు కేసులన్నీ జూనియర్ వందనకు అప్పగించినా, ఈ ఒక్కటీ తనే ఉంచుకున్నాడు. ప్రేమకొద్దీ ఉంచుకున్నాడు.

"నేనేం తక్కువ జేసిన పెద్దమ్మా?" అన్నాడు మల్లేశ్, గొంతు తగ్గించి.

"నువ్వు తక్కువ జేసినవని నేనన్ననా సార్? నీకు తీరుబడి లేదు. గంతే."

"తీరుబడి లేకుంటే ఏమైంది? స్టే అయితే ఉన్నది గద. కేసు ఎన్నేండ్లు నడిస్తేంది?"

ఎంకమ్మ అప్పటిదాకా బల్ల మీది గాజు పలకనే చూస్తోంది. ఇప్పుడు తలెత్తి అతని మొహంలోకి చూసింది. "స్టే యాడున్నది సార్? అది తీసేసి రెండేండ్లాయె. నువ్వే వద్దన్నవంట."

"ఎవరు చెప్పిన్రు నీకు?"

"మొన్న సోమారం మిషిన్లు ఒచ్చి గట్టు మీద నిలబడ్డయ్. పర్మిషన్ ఒచ్చిందట, శనివారం పొద్దుగాల్ల మట్టి తీస్తరట. కంది కాయ మీదున్నది, జర కోసుకోనియ్యుండ్రయ్యా అంటె, మీ వకీలే స్టే అక్కర్లేదని రాసిచ్చిండు, పోయి ఆయన్నే అడుగుపో అన్నరు. నేను వందనమ్మ దగ్గరికి పోయిన. ఆమెనే కోర్టుల కాగితం తీసింది."

మల్లేశ్‌కు నవ్వొచ్చింది. ఎవడో దొంగ కాగితం పుట్టించి ఉంటాడు, ఒక్క ఫోన్ చేస్తే తేలిపోతుంది అనుకున్నాడు. "వందన యాడున్నది?" అన్నాడు.

"గేటు బైట. లోపలికి రానన్నది."

శ్రీను వంగి అతని చెవిలో చెప్పాడు. "సార్, ఇంకా ముప్పై టోకెన్లున్నయ్. హైదరాబాద్ నుంచి కాల్ గూడ ఉంటది." ఆ కాల్ సంగతి పాఠకులకు తెలిసిందే. ఆదివారం మంత్రివర్గంలోకి కొత్తవాళ్లను తీసుకుంటున్నారు. ఆ జాబితాలో మల్లేశ్ పేరు ఉందని, అది అక్కడే ఉండేలా తను చూసుకుంటానని చెప్పినవాడు ఎవరో కాదు, కోర్టులో ఎదుటిపక్షమైనా ఎన్నికలప్పుడు దోస్తీ కలిపిన ఈ రాజేందరే.

"వందనను రమ్మను" అన్నాడు మల్లేశ్.

వందన తాండూరులో కిరాణా వ్యాపారం చేసే ఇంటి పిల్ల. ఆరేళ్లు అతని దగ్గర పని నేర్చుకుంది. వచ్చి నిలబడింది కానీ కూర్చోలేదు. సంచీలోంచి కోర్టు నకలు తీసి వకాల్తా పక్కనే పెట్టింది.

ఒకే ఒక్క పేజీ మెమో. స్టే పిటిషన్‌ను మేము నొక్కి అడగడం లేదు, కొట్టివేయవచ్చు అని నాలుగు టైపు లైన్లు. కింద సంతకం. మల్లేశ్ తెలుగులో సంతకం చేస్తాడు. చివరి అక్షరం తోకను కుడివైపుకు లాగి కింద రెండు చుక్కలు పెడతాడు. తోక ఉంది. రెండు చుక్కలూ ఉన్నాయి. దొంగ సంతకమైతే బాగుండునని అతను ఎంతగానో కోరుకున్నాడు. అది తన సంతకమే.

"తారీకు చూడుండ్రి సార్" అంది వందన. "మీరు నామినేషన్ ఏసిన నాలుగో దినం. ఆ దినం మీరు కోర్టుకు రాలె. ఊర్లల్ల తిరుగుతున్నరు."

అప్పుడు గుర్తొచ్చింది అతనికి. నామినేషన్ వేసే రోజు పొద్దున తాండూరు ఆఫీసులో గుమస్తా జంగప్ప కొన్ని తెల్ల కాగితాలు పట్టుకొచ్చి, "ఇగ నువ్వు దొరకవు సార్, వాయిదా అడగాల్నన్నా సంతకం గావాలె" అన్నాడు. బయట డప్పులు మోగుతున్నాయి. దండలు పట్టుకొని జనం మెట్ల మీద నిలబడ్డారు. కుర్చీలో కూర్చోకుండానే, వంగి, ఒక్కో కాగితం అడుగున సంతకం చేసుకుంటూ పోయాడు. పన్నెండు కాగితాలు. పైన ఏమీ లేదు, అంతా తెలుపే. కొందరు వకీళ్లకు ఉండే అలవాటే అది. గుమస్తా మీద నమ్మకం, రేపు మళ్లీ ఎవడు సంతకం పెడతాడన్న బద్ధకం, రెండూ కలిస్తే ఈ పనే చేస్తారు.

"జంగప్ప" అన్నాడు మల్లేశ్. అవమానం చప్పున కోపమైపోయింది. లేచి నిలబడ్డాడు. "నడువుండ్రి తాండూరుకు. శ్రీనూ, అందర్నీ రేపు రమ్మను."

"సార్, హైదరాబాద్ కాల్..."

"ఒస్తె సెల్లుకు ఒస్తది."

గన్‌మెన్ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటుండగానే అతను వందన పాత కారు వెనక సీట్లో కూర్చున్నాడు. ఎంకమ్మ పక్కన కూర్చుంది కానీ, మధ్యలో ఇంకో మనిషి పట్టేంత చోటు వదిలి, తలుపుకు ఆనుకొని కూర్చుంది. ఈరయ్య గొంగడి మడతపెట్టి ఒళ్లో పెట్టుకుంది. డిసెంబరు చలికి అదే ఆమె దుప్పటి.

దారి పొడవునా బండల లారీలు ఎదురొచ్చినప్పుడల్లా వందన అద్దాలు ఎక్కించి, అవి దాటాక దించుతోంది. ఎంకమ్మ సంచీలోంచి వెల్లుల్లికారం వాసన వస్తోంది. పొద్దుటి నుంచి ఆమె ఏమీ తినలేదని మల్లేశ్‌కు తెలుసు. రొట్టె ఉంది, కానీ తీయడం లేదు. పెద్దమనిషి పక్కన కూర్చొని ఎట్లా తింటుంది మరి. ఇదే మనిషి అప్పట్లో వాయిదాలకొచ్చినప్పుడు కోర్టు మెట్ల మీదే మూట విప్పి, సగం విరిచి, అడగకుండానే అతని చేతిలో పెట్టేది. ఇప్పుడు ఆ సగం రొట్టె అడగడానికి ఒక ఎమ్మెల్యేకు నోరు రాలేదు.

అతను కూడా పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. అడిగినవాళ్లు లేరు. రోజుకు రెండొందల మంది అతనితో మాట్లాడతారు, ఫోటోలు దిగుతారు, కాళ్లకు మొక్కబోతారు. తిన్నవా అని అడిగే మనిషి మాత్రం ఆ రెండొందల్లో ఒక్కరూ ఉండరు. భార్య జ్యోతి, కూతురు నిఖిల హైదరాబాద్‌లో ఉంటారు. నిఖిల కాలేజీ కోసమని అందరికీ చెప్పుకుంటారు. జ్యోతి ఈమధ్య అతనికి నేరుగా ఫోన్ చేయడం కూడా మానేసింది. శ్రీనుకు చేసి, సార్ ఖాళీగా ఉన్నారా అని అడుగుతోంది. కట్టుకున్న భార్య తన కోసం పీఏను అడుగుతోందని తెలిసిన రోజున మల్లేశ్‌కు ఏడుపొచ్చినంత పనైంది. ఎవరి ముందు ఏడవాలో తెలియక ఊరుకున్నాడు.

తాండూరు ఆఫీసు గది తలుపు తెరిచే ఉంది. 'కె. మల్లేశ్, అడ్వకేట్' అన్న బోర్డు తుడిచి ఉంది. లోపల జంగప్ప గోడవారగా తన పాత ముక్కాలి పీట మీద కూర్చున్నాడు. అరవై దాటిన మనిషి, నుదుట విభూతి, సరిహద్దు అవతలి కన్నడ ఊరివాడు. ఇరవై రెండేళ్లు అక్కడే గుమస్తా. రెండేళ్లుగా ఆ గదిలో పని లేదు. అయినా రోజూ పొద్దున వచ్చి ఊడ్చి, క్యాలెండర్ కాగితం తిప్పి, సాయంత్రం తాళం వేసి పోతాడు. మల్లేశ్ కుర్చీలో దుమ్ము లేదు. అందులో ఎవరూ కూర్చోలేదు కూడా. నల్లకోటు మేకుకు వేలాడుతోంది.

జంగప్ప లేచి నిలబడి చేతులు జోడించాడు. మొహమంతా వెలిగిపోయింది. "వచ్చిండ్రా సార్" అన్నాడు. రెండేళ్లలో మల్లేశ్ ఆ గదికి రావడం అదే మొదటిసారి.

మల్లేశ్ నకలు అతని ముందుకు విసిరాడు. "ఎవరికి అమ్ముకున్నవ్ జంగప్పా నన్ను?"

జంగప్ప కాగితం తీసి చూశాడు. అతని మొహంలో వెలుగు పోయింది, కానీ ఆశ్చర్యం కనబడలేదు. ఈ రోజు ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని అతనికి తెలుసు. కాగితాన్ని జాగ్రత్తగా బల్ల అంచున పెట్టాడు. కళ్లు ఎత్తి మల్లేశ్ వైపు చూశాడు, మళ్లీ దించుకున్నాడు.

"హౌదు సార్. నేనే ఏసిన. తప్పు నాదే" అన్నాడు.

"ఎందుకు జేసినవ్?"

"ఎందుకని అడగకుండ్రి. గుమస్త మోసం జేసిండని రాసుండ్రి. పోలీసులకు చెప్పినా సరే. నాకేమైతది సార్ ఇగ? ఇంట్ల ఉన్నా గింతే, యాడున్నా గింతే."

సిగ్గుపడాల్సిన సంగతే కానీ దాచడమెందుకు, ఆ మాట వినగానే మల్లేశ్‌కు గుండె మీది బరువు దిగిపోయింది. వకీలు బుర్ర వెంటనే పని మొదలుపెట్టింది. 'నా గుమస్తా నా విశ్వాసాన్ని దుర్వినియోగం చేసి, నాకు తెలియకుండా...' అఫిడవిట్ వాక్యాలు వాటంతటవే వరస కట్టాయి. స్టే వెనక్కొస్తుంది. పొలం మిగులుతుంది. ఆదివారం ప్రమాణం చేయొచ్చు. రాజేందర్‌కు కూడా, గుమస్తా వెధవ పని చేశాడయ్యా అని సర్దిచెప్పుకోవచ్చు. ఒక్క జంగప్ప తప్ప అందరూ బాగుంటారు.

ఎంకమ్మ మాత్రం జంగప్పనే చూస్తోంది. "జంగప్పా, నువ్వు అబద్ధం ఆడ్తున్నవ్" అంది నెమ్మదిగా.

"లేదమ్మా."

"ఈరయ్య పోయిన దినం మీ ఇంట్ల పొయ్యి ముట్టియ్యలే. నాకు తెల్వదా? నువ్వు మా పొలం ఇడిసేటోనివి కాదు."

ఆమె ఒళ్లోని గొంగడి తీసి దులిపి ఆ నాపబండల నేల మీద పరిచింది. అది మల్లేశ్ కులం పంచాయితీ పద్ధతి. తగాదా వస్తే నడుమ గొంగడి పరుస్తారు. దాని మీద కూర్చున్నవాడు జరిగింది జరిగినట్టు చెప్పాలి. దేవుడి పటం, కర్పూరం ఏమీ ఉండవు. అతని తాత ఆ గొంగడి మీద కూర్చొని, తన సొంత తమ్ముడికి ఎదురు సాక్ష్యం చెప్పాడని ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

"నేను మీ కులపోన్ని కాదమ్మా" అన్నాడు జంగప్ప.

"గొంగడి ఈరయ్యది. కూసో."

జంగప్ప "ఏన్ మాడ్లి", ఇంకేం చెయ్యను అని తన భాషలో తనే గొణుక్కొని, చెప్పుల్లేని కాళ్లు ముడుచుకొని గొంగడి మీద కూర్చున్నాడు. మల్లేశ్ వైపు చూడకుండా చెప్పడం మొదలుపెట్టాడు.

"రాజేందర్ మనిషి ఒచ్చిండు. ఇద్దరికి రాజీ అయింది, సార్‌కు ఎరుకే అన్నడు. కాగితం మీద ఏం టైపు జెయ్యాల్నో గది గూడ రాసుకొచ్చిండు. నాకు నమ్మకం కుదర్లె. సార్‌కు ఫోన్ జేసిన. ఎత్తలె. మల్ల జేసిన. ఎత్తలె. మూడోసారి ఎత్తిండు." అక్కడ ఆగిపోయాడు.

"చెప్పు" అంది ఎంకమ్మ.

"సార్, రాజేందర్ మనిషి గీడ కూసున్నడు, ఈరయ్య కాగితం సంగతి అని అంటున్న. డప్పుల సప్పుడుల సార్‌కు ఇనబడ్డదో లేదో. జంగప్పా, ఇప్పుడు కాదు, రాజేందర్ ఏం చెప్తే గది చెయ్యి, నన్ను అడగకు అని పెట్టేసిండు."

మల్లేశ్ గోడకు ఆనుకున్నాడు. జీపు గుర్తొచ్చింది. మెడ నిండా దండలు, చెవిలో ఫోను, పక్కన రాజేందర్ పంపిన నాలుగు బండ్లు. జంగప్ప ఏదో బండ్ల సంగతి అడుగుతున్నాడనుకున్నాడు. ఏ కేసు, ఎవరి కాగితం, ఏం సంగతి అని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు. గెలుస్తున్నానన్న సంబరంలో అడగలేదు.

"నువ్వు నాకు మల్ల ఎందుకు చెప్పలె జంగప్పా?" అన్నాడు. గొంతులో కోపం లేదు.

"మీ ఇంటికి ఐదుసార్లు ఒచ్చిన సార్. టోకెన్ ఇచ్చిన్రు. నా నంబరు ఒచ్చేటాల్లకు మీరు ఎల్లిపోతుంటిరి."

 వందన ముందుకొచ్చింది.

"సార్, నేను వకీలుగ ఒకటి చెప్పాలె మీకు. మెమో ఎంకమ్మకు చెప్పకుండ పడ్డదని మీరు రాసిస్తే చాలు, రేపు పిటిషన్ ఏస్త, స్టే తిరిగి ఒస్తదని నాకు నమ్మకముంది. గుమస్త ఏసిండని రాసినా ఒస్తది. మీరు చెయ్యమన్నరని రాసినా ఒస్తది. పొలానికి రెండూ ఒకటే. మీకే ఒకటి కాదు. పేపరోళ్లకు అందితే మీ పదవి ఉండదు, మీ మీద బార్ కౌన్సిల్‌కు పోయేటోళ్లు గూడ ఉంటరు. నేను ఏది రాయుండ్రని చెప్పను."

అప్పుడే సెల్లు మోగింది. శ్రీను. గొంతులో పండగ వినబడుతోంది. "సార్, పైనుంచి కాల్ ఒచ్చింది. పేరు ఖాయం. ఆదివారం పదకొండింటికి. మీరు లైన్‌లకు రావాలట."

"ఒస్తనని చెప్పు" అన్నాడు మల్లేశ్. "రేపు చేస్తనని చెప్పు" అని మళ్లీ సవరించుకొని పెట్టేశాడు.

గొంగడి మీద జంగప్ప ఇంకా తల వంచుకొనే ఉన్నాడు. ఇరవై రెండేళ్లు తన ఫైళ్లు మోసిన మనిషి. తన పేరు నిలబెట్టడం కోసం జైలుకైనా పోతానంటున్నాడు. తనకు ఎవరూ లేరని రెండేళ్లుగా మల్లేశ్ లోలోపల కుమిలిపోతున్నాడే, ఇదిగో ఇతను మాత్రం రోజూ వచ్చి తన కుర్చీ తుడుస్తూనే ఉన్నాడు. టోకెన్ తీసుకొని తన గుమ్మంలో కూర్చొని, నంబరు రాక తిరిగి పోయాడు. 

అతను తన కుర్చీలో కూర్చోలేదు. చెప్పులు విడిచి జంగప్ప పక్కనే గొంగడి మీద కూర్చున్నాడు. "కాగితం ఇయ్యి" అన్నాడు.

ముందు ఎంకమ్మ వకాల్తా మీద 'నాకు అభ్యంతరం లేదు' అని రాసి సంతకం పెట్టాడు. ఆ పని ఎంత కష్టంగా ఉంటుందనుకున్నాడో అంత కష్టంగానూ ఉంది. తర్వాత అఫిడవిట్ కోసం ఇంకో కాగితం తీసుకున్నాడు. టైపు వద్దని తన చేత్తోనే రాశాడు. పన్నెండు ఖాళీ కాగితాల మీద సంతకం చేసి నా గుమస్తాకు ఇచ్చింది నేనే అని రాశాడు. అతను ఫోన్ చేసి అడిగినప్పుడు ఏమిటని విచారించకుండా ఎదుటిపక్షం చెప్పినట్టు చేయమన్నది నేనే, నా కక్షిదారుకు ఈ సంగతి తెలియదు, నా గుమస్తా తప్పు ఏమీ లేదు అని రాశాడు. రాసింది పేజీలో ముప్పావు దాకా వచ్చింది. మిగిలిన ఖాళీ మీద ఈ మూల నుంచి ఆ మూలకు అడ్డంగా గీత కొట్టాడు, ఇంకెవరూ ఏమీ రాయడానికి వీల్లేకుండా. అప్పుడు కింద సంతకం పెట్టాడు. రేపు కోర్టులో నోటరీ ముందు మళ్లీ పెట్టాలని వందన చెప్పింది. వస్తానన్నాడు.

"పెద్దమ్మా, ఇను" అని మొదటి నుంచీ చదివి వినిపించాడు. ఎంకమ్మ గడపకు ఆనుకొని కూర్చొని విన్నది. 'నేనే' అన్న మాట వచ్చిన ప్రతిసారీ తల ఊపింది. అయిపోయాక మెచ్చుకోలేదు, దీవించలేదు. సంచీలోంచి గుడ్డమూట తీసి విప్పింది. జొన్నరొట్టె సగానికి విరిచి, ఒక సగం జంగప్ప చేతిలో, ఒక సగం మల్లేశ్ చేతిలో పెట్టింది.

"తిను కొడుకా. మొకం సూడు ఎట్లయిందో" అంది.

మల్లేశ్ ఒక ముక్క తుంచుకొని నోట్లో పెట్టుకున్నాడు. కారం ఘాటుకు కళ్లలో నీళ్లొచ్చాయని అనుకోవడానికి వీలుగా ఉంది. ఆ రోజుల్లాగే గట్టిగా, చల్లగా ఉంది రొట్టె. ఏళ్ల తర్వాత కడుపులోకి ఏదో పోతున్నట్టు అనిపించింది.

"జంగప్పా, మిగిలిన పదకొండు కాగితాలున్నయ్ గద, ఇయ్యి. సార్ ముంగటనే చింపేద్దం" అంది వందన.

"ఉన్నయమ్మా. ఒక్కటి గూడ ముట్టలె" అని జంగప్ప లేచి, మొలతాడుకున్న తాళంచెవితో సొరుగు తీశాడు. ఎర్రదారం కట్టిన కాగితాల మడత వందన చేతికిచ్చాడు. ఆమె దారం విప్పి ఒక్కోటి బల్ల మీద పెడుతూ లెక్కపెట్టింది. తెల్ల కాగితాలు, ప్రతిదాని అడుగునా అదే తోక, అవే రెండు చుక్కలు.

చివరి కాగితం పెట్టాక ఆమె చెయ్యి ఆగింది. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది.

"పదే ఉన్నయ్ సార్."

జంగప్ప సొరుగు మొత్తం బయటికి లాగి తిరగేశాడు. రబ్బరు ముద్రలు, సూదులు, స్టాంపుల కవర్లు కింద పడ్డాయి. కాగితం లేదు. "తాళం నా దగ్గర్నే ఉంటది సార్. ఎవరికీ ఇయ్యలె" అని, ఆ మాట మధ్యలోనే ఆగిపోయాడు. "ఆ దినం... టైపు జేపిద్దమని నేను బజారుకు పోయిన. సొరుగు తెరిసే ఉన్నది. ఆ మనిషి గీడనే కూసున్నడు."

బల్ల మీద మల్లేశ్ సెల్లు మోగింది. తెర మీద పేరు గదిలో అందరికీ కనబడింది. రాజేందర్.

మల్లేశ్ ఎత్తాడు.

"వకీల్ సాబ్, పాత ఆఫీసుల కూసున్నవంట" అన్నాడు రాజేందర్ చాలా ఆప్యాయంగా. "ముసలమ్మ గూడ ఉన్నదంట. నేను ఫికర్ జేస్తలేను. ఊకనే జేసిన."

"రాజేందర్, నా కాగితం ఒకటి నీ దగ్గరున్నది."

అవతల ఒక చిన్న నవ్వు. "ఉన్నది. రెండేండ్ల సంది బీరువల పెట్టిన. మడత గూడ పడనియ్యలె."

"ఏం రాసినవ్ దాని మీద?"

"ఇంకా ఏం రాయలె వకీల్ సాబ్. అడుగున నీ సంతకమున్నది, పైన మస్తు జాగున్నది. రేపు పదిన్నరకు కోర్టు తెరుస్తరు గద. గప్పటి లోపల దాని మీద ఏం రాయాల్నో నువ్వే చెప్పు."